మూడు శాస్త్రములు, ఒక చిన్న కళాశాల



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము మీలో పెక్కుమందికి క్రొత్తగా తోచవచ్చును. తత్త్వశాస్త్రము, రాజనీతిశాస్త్రము, అర్థశాస్త్రము అను మూడింటిని ఒక్క పట్టమునకై కలిపి చదువుట పాశ్చాత్య దేశములలో నూఱేండ్లు దాటిన యాచారము. ఆ చదువును నా మనుమడు అమెరికాలోని యొక చిన్న ప్రైవేటు కళాశాలలో చదువుచున్నాడు. ఈ సంగతి మా యూర తెలిసిన నాడు రచ్చబండ మీద కూర్చున్నవారందఱును నన్నడిగిన ప్రశ్న యొక్కటే: "అయ్యవారూ, ఆ చదువునకు ఏ యుద్యోగము వచ్చును?" నేను ముప్పదినాలుగేండ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా పనిచేసినవాడను. అడిగినదానికి బదులు చెప్పుటయే నా జీవనము. ఐనను ఆ దినమున నోట మాట రాలేదు.

నా కుమార్తెయు అల్లుడును లాస్ ఏంజెలీసు నగరమునకు తూర్పు దిక్కున కాపురమున్నారు. ఇరువురిదియు కంప్యూటరు పని. కొడుకును అదే త్రోవ పట్టునని వారు తలపోసిరి. కళాశాలలో చేరిన మొదటి సంవత్సరముననే వాడు అడ్డము తిరిగినాడు. ఒకనాటి రాత్రి నా కుమార్తె ఫోను చేసి, "నాయనా, వాడు మా మాట వినుట లేదు. నీవైనను బుద్ధి చెప్పుము" అని కంటతడి పెట్టినది. మందలించుటకే సిద్ధపడి వానిని పిలిపించితిని. "ఏమిరా, ఏ శాస్త్రములు చదువదలచినావు?" అని యడిగితిని. వాడు తన వచ్చీరాని తెలుగులో మూడు పేర్లును వరుసగా చెప్పెను. మందలింపు మఱచి నేను నవ్వితిని. ఏలయనగా ఆ మూడింటిని కలిపి చదువవలెనని చెప్పినవాడు ఆంగ్లేయుడు కాడు, మన కౌటిల్యుడు.

కౌటిలీయార్థశాస్త్రము మొదటి యధికరణమున విద్యల సంఖ్యను గూర్చి యొక చర్చ కలదు. దండనీతి యొక్కటే విద్య యని శుక్రుని మతమువారు. వార్తయు దండనీతియు రెండే యని బృహస్పతి మతమువారు. వేదత్రయమును చేర్చి మూడని మనువు మతమువారు. కౌటిల్యుడు వీరందఱి మాటలను ఉదాహరించి, ఆన్వీక్షకిని కూడ చేర్చి నాలుగని నిర్ణయించెను. ఆన్వీక్షకి యనగా హేతువులతో విచారించు తత్త్వవిద్య. దండనీతి రాజ్యపాలన విద్య. ఇక వార్త. నేడు వార్త యనగా మీరు ఈ రేడియోలో వినునది మాత్రమే యైపోయినది. ఆనాడు వార్త యనగా సేద్యము, పశుపాలనము, వర్తకము. అనగా మీరును నేనును బ్రతుకుచున్న బ్రతుకే. అది యొక శాస్త్రమని, రాకుమారుడు కూడ దానిని నేర్వవలెనని ఆ మహానుభావుడు ఎంచెను. ఆ గ్రంథమే చిరకాలము కనబడక పోయి, 1905 లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయమున శామశాస్త్రిగారి చేతికి తాళపత్ర ప్రతిగా చిక్కి, 1909 లో అచ్చుపడినది. నేను ప్రాచ్య కళాశాలలో చదివినపుడు మా గురువుగారు దానిలోని తొలి ప్రకరణములు చెప్పిరి. పరీక్షలో అడుగరు గనుక మేము శ్రద్ధగా వినలేదు.

పాశ్చాత్యుల సంగతి చూతము. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చిరకాలముగా గౌరవము పొందిన చదువు గ్రీకు, లాటిను భాషలలోని ప్రాచీన గ్రంథముల చదువు. దానికి 'గ్రేట్స్' అని వాడుక పేరు. మన కావ్య వ్యాకరణ తర్కముల వంటిదనుకొనుడు. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట, రాజ్యములు నడుపవలసినవారికి ఆ ప్రాచీన భాషలు లేకున్నను నేటి లోకపు తత్త్వము, పాలన, ధనవ్యవహారములు తెలియవలెనని తలచి, 1920 లో ఈ మూడు శాస్త్రముల చదువును నెలకొల్పిరి. 'నవీన గ్రేట్స్' అని దానికి మాఱుపేరు పెట్టిరి. నిజమునకు ఆ మూడును అంతకుముందు అంత వేఱు కావు. అర్థశాస్త్రమునకు ఆద్యుడని పాశ్చాత్యులు పేర్కొను ఆడమ్ స్మిత్తు గ్లాస్గో నగరమున నీతితత్త్వము బోధించిన యాచార్యుడు. దేశముల సంపదను గూర్చిన యాయన గ్రంథము 1776 లో వెలువడినది. దానికి పదునేడేండ్లు ముందుగానే, 1759 లో, మనుష్యుల ధర్మభావములను గూర్చి యొక గ్రంథము వ్రాసినాడు. విడిపోయిన యన్నదమ్ములను మరల నొక పంక్తిని కూర్చుండబెట్టినట్లు ఆక్స్‌ఫర్డువారు చేసిరని చెప్పవచ్చును.

ఇప్పుడు మా మనుమని కళాశాల. క్లేర్మాంటు అనునది సాన్ గేబ్రియల్ కొండల పాదమున నున్న చిన్న పట్టణము. ఒకప్పుడు చుట్టును నారింజ, నిమ్మ తోటలు. 1887 లో పుట్టిన పొమోనా కళాశాల అచ్చట ఉన్నది. దానికి విద్యార్థులు పెరిగి, స్థలము చాలని దినములు వచ్చినపుడు అధ్యక్షుడు బ్లెయిస్‌డెల్ అను నాయన ఒక యాలోచన చేసెను. ఉన్న కళాశాలనే ఊది పెద్దది చేయుట యేల? ఆక్స్‌ఫర్డులో వలె చిన్న చిన్న కళాశాలలను ప్రక్క ప్రక్కన కట్టి, గ్రంథాలయము వంటివానిని ఉమ్మడిగా పెట్టుకొనిన చాలదా? ఆ ప్రకారము ఒకదాని వెంట నొకటి వెలసి, నేడు అచ్చట పట్టమునకు చదువువారికి అయిదు కళాశాలలును, పై చదువులకు రెండు సంస్థలును ఉన్నవి. అన్నదమ్ములు వేఱు కాపురములు పెట్టి బావి మాత్రము ఉమ్మడిగా నుంచుకొనినట్లు! ఒక కళాశాలవారు మఱియొక కళాశాలకు పోయి పాఠము వినవచ్చును. వానిలో నొకటి 1946 లో, రెండవ ప్రపంచ యుద్ధమునుండి తిరిగి వచ్చిన సైనికులు చదువులకు వచ్చుచున్న కాలమున, పురుషుల కళాశాలగా మొదలైనది. 1976 నుండి స్త్రీలకును ప్రవేశము కలిగినది. 1981 లో క్లేర్మాంటు మెకెన్నా అని పేరు మాఱినది. మా వాడు అందున్నాడు. మొత్తము విద్యార్థులు పదునాలుగు వందలకు అటునిటు. మన పెద్ద యూరి ఉన్నత పాఠశాలంత!

ప్రైవేటు కళాశాల యనగానే మీకు రహదారి ప్రక్కన రంగు వేసిన మేడయు, దాని మీద మొదటి మార్కుల వారి ఫొటోలును తోచును. దీని తీరు వేఱు. ఇది ఒక యజమానికి లాభము తెచ్చు వర్తకము కాదు. ధర్మకర్తల మండలి చేతిలో నున్నది. దాతలిచ్చిన మూలధనము వంద కోట్ల డాలర్లకు మించియున్నది. దాని ఫలసాయమును కళాశాలకు వాడుదురు. దేవాలయమునకు మాన్యము వంటిది. ఐనను జీతము స్వల్పమనుకొనకుడు. భోజన వసతులతో కలిపి సంవత్సరమునకు 80,000 డాలర్లు దాటును. మన లెక్కలో అఱువది లక్షల రూపాయలకు పైమాట. కుటుంబపు రాబడిని చూచి కొంత తగ్గింతురు. ఈ డబ్బు మాటకు మరల వత్తును, దానితో నాకొక పాఠము కలిగినది.

బోధించు పద్ధతి నాకు మిక్కిలి నచ్చినది. ఈ మూడు శాస్త్రములను కలిపి చదువుటకు అందఱిని చేర్చుకొనరు, కొలదిమందిని ఏఱుకొందురు. తరగతిలో చర్చ కాక, ఆక్స్‌ఫర్డు పద్ధతిని, ఇద్దఱు విద్యార్థులు ఒక యాచార్యుని యెదుట కూర్చుందురు. ఒకడు తాను వ్రాసిన వ్యాసము చదువును. రెండవవాడు దానిలో తప్పులు పట్టును. ఆచార్యుడు ఇరువురిని పట్టును. మా మనుమడు ఇది వర్ణించుచుండగా నాకు మా గురువుగారి యరుగు కన్నుల గట్టినది. తర్కము చెప్పునపుడు ఆయన, ఎవనికి ఏ మతము నచ్చినదో వానిచేతనే దానికి పూర్వపక్షము చెప్పించెడివారు. ఎదుటివాని మాటను వానికంటె బాగుగా చెప్పగలిగిన గాని ఖండించుటకు అధికారము లేదనెడివారు. ఆ శిక్ష మన బడులలోనుండి ఎప్పుడు పోయినదో యెఱుగను. నేనును దానిని నిలుపలేకపోయితిని. ఒకసారి తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు లేచి, "అయ్యవారూ, కాలువ చివర పొలమునకు నీరు రాకున్నను నీటి పన్ను ఒక్కటే యేల?" అని యడిగెను. పాఠములో లేని ప్రశ్న. కూర్చుండుమని గద్దించితిని. ఆ పిల్లవాని ముఖము నాకు నేటికిని జ్ఞాపకము.

ఈ చదువు చదివినవారందఱు మహాబుద్ధిశాలురని నేను చెప్పబోవుట లేదు. బ్రిటను దేశపు ప్రధానులలో హెరాల్డ్ విల్సను, ఎడ్వర్డ్ హీత్, డేవిడ్ కామెరాన్, రిషి సునాక్ ఆక్స్‌ఫర్డులో ఇది చదివినవారే. లిజ్ ట్రస్ అను నామెయు ఇదే చదివినది. 2022 లో ప్రధాని యై, రాబడి చూపకయే పన్నులు తగ్గింతునని ప్రకటించి, అంగడి నంతయు కలవరపెట్టి, రెండు మాసములు నిండకముందే గద్దె దిగినది. మూడు శాస్త్రములలోను తలకొక ముక్క కొఱికి, దేనిని జీర్ణము చేసికొనక, సభలో ధారాళముగా మాటలాడుట మాత్రము నేర్తురని ఆ దేశమువారే యాక్షేపింతురు. ఆ యాక్షేపణలో సారము లేకపోలేదు. మన యవధానులలో కూడ ఇట్టివారిని చూచియున్నాము గదా!

మఱి యీ మూడును కలిసినందువలన ఒరిగిన దేమి యందురా? నీటి సంగతితో చెప్పెదను. మీకు నాకు తెలిసిన సంగతి అదియే.

లాస్ ఏంజెలీసు ప్రాంతమున సముద్రమునకు దగ్గఱగా భూమి క్రింద నీరున్నది. ఎవరికి వారు బోర్లు వేసి తోడిరి. నీటిమట్టము దిగజారి సముద్రపు ఉప్పునీరు లోనికి చొచ్చినది. ఒకడు మానినంత మాత్రమున ఫలము లేదు. అందఱు తోడిన అందఱికి ఉప్పునీరే. మన బోరుబావుల కథ కాదా యిది? అచ్చటివారు సంఘముగా ఏర్పడి, న్యాయస్థానమునకు పోయి, ఎవరెంత తగ్గించుకొనవలెనో తమలో తాము ఒప్పందము చేసికొనిరి. ఆ వృత్తాంతమును ఎలినార్ ఆస్ట్రమ్ అను నామె పరిశోధించి, 1965 లో డాక్టరు పట్టము పొందినది. ఆమెకు అర్థశాస్త్రములో పరిశోధన చేయవలెనని కోరిక యుండగా, పాఠశాలలో త్రికోణమితి చదువలేదని చేర్చుకొనలేదు. ఆడపిల్లలకు అది యేల యని ఆ కాలపు బడులలో చెప్పెడివారట. రాజనీతిశాస్త్రములో చేరినది. అటుపై దేశదేశముల ఉమ్మడి పచ్చికబయళ్లు, అడవులు, కాలువలు ఎట్లు నిలిచినవో, ఎట్లు చెడినవో పరిశీలించి 1990 లో గ్రంథము వ్రాసినది. 2009 లో అర్థశాస్త్రమునకు నోబెల్ బహుమానము పొందిన తొలి స్త్రీ ఆమెయే. చేర్చుకొనమన్న శాస్త్రమువారే బహుమాన మిచ్చిరన్నమాట!

ఈ సందర్భమున మనకొక ముచ్చట గలదు. రాబర్టు వేడ్ అను విదేశీయ పండితుడు మన కర్నూలు జిల్లాలో కాలువ క్రింది పల్లెలలో తిరిగి, 1988 లో 'విలేజ్ రిపబ్లిక్స్' అను పుస్తకము ప్రకటించెను. అందు కనుగొనిన దేమనిన: ప్రభుత్వపు పంచాయతీతో సంబంధము లేకయే కొన్ని యూళ్లలో పెద్దలు కూడి, ఉమ్మడి సొమ్ము నిలువచేసి, నీరు పంచుటకు నీరుగంటివారిని, పైరు కాచుటకు కాపలావారిని పెట్టుకొనుచున్నారు. కోసిన పొలములలో గొఱ్ఱెలను మేపుకొను హక్కును అమ్మి ఆ సొమ్ము కూర్చుచున్నారు. ఇట్టి కట్టుబాటు అన్ని యూళ్లలో లేదు. కాలువ మొదట, నీరు పుష్కలమైన చోట తక్కువ. చివర, నీటికి కటకటపడు చోట నెక్కువ. కష్టమున్న చోటనే కలిసి మెలగుట వలన లాభము కంటికి కనబడునని ఆయన యభిప్రాయము. మా పల్లెయు కాలువ చివరిదే. ఇది చదివినపుడు నేను గర్వపడితిని. మా తండ్రిగారు ఆ పెద్దలలో నొకరు.

మొన్నటి సంవత్సరము ఆషాఢమాసమున మా మనుమడు సెలవులకు వచ్చినాడు. కాలువకు నీరు వదలిన దినములు. రాత్రివేళ నీరుగంటితో కూడ లాంతరు పట్టుకొని గట్ల వెంట తిరిగినాడు. వాని తల్లి యుండిన గుండె పగిలియుండును. పది దినములు తిరిగిన పిమ్మట నా యెదుట కూర్చుండి, "తాతా, ఈ నీటి కట్టడి చాల గొప్పది. కాని నిర్ణయము చేయు కూటమిలో ఎవరెవరు కూర్చుందురు?" అనెను. భూమి గలవారు అంటిని. "కూలికి పోవువారు? మాలపల్లెవారు?" వారికి పొలములు లేవుగదా యంటిని. "గొఱ్ఱెల మేపుదలకు అమ్మిన పొలములలో పరిగె ఏఱుకొనువారు వారే కదా? ఆ సొమ్ములో వారికి భాగమేమి?" అని యడిగెను. నాకు కోపము వచ్చినది. అరువదేండ్లలో ఎవరును అడుగని మాట. అడుగక పోవుట చేతనే అది న్యాయమయ్యెనని నేను తలచితినేమో! ఆర్థిక విచారణ చేసినవాడు నీరెంత మిగిలినదని చూచును. రాజనీతి చదివినవాడు ఎవరి మాట చెల్లినదని చూచును. అది ధర్మమా యని అడుగువాడు ఆన్వీక్షకి నేర్చినవాడు. ముగ్గురి చూపు ఒక్కని యందే యున్నపుడు వానితో మాటలాడుట కొంచెము కష్టమే సుమా!

ఇట్టి చూపు వలన పెద్ద సంగతులు బయటపడినవి. 1943 లో వంగదేశమున లక్షలాది ప్రజలు ఆకలితో చచ్చినపుడు, ధాన్యము పండకపోవుటయే కారణమని లోకము నమ్మినది. అమర్త్యసేనుగారు లెక్కలు తిరుగవేసి, ధాన్యము దేశమున నంత తక్కువ కాదనియు, దానిని కొనుటకు కూలివానికి శక్తి లేకపోయెననియు 1981 లో చూపినాడు. ఆయన అర్థశాస్త్రమును తత్త్వశాస్త్రమును రెండును బోధించినవాడు.

డబ్బు సంగతికి వచ్చుచున్నాను. గత సంవత్సరము మా అల్లుని యుద్యోగము పోయినది. కళాశాలవారు తమ సహాయమును కొంత పెంచిరి. మనుమడు గ్రంథాలయమున పని చేసికొనుచు, కొంత ఋణము తీసికొనుటకు ఒప్పుకొనెను. ఐనను కొఱత తీరలేదు. నాకు కాలువ చివర మూడెకరముల పొలము గలదు. పట్టణపు వర్తకుడొకడు ఒకేసారి రొక్కమిచ్చి కొందునని తిరుగుచుండెను. అమ్మి పంపుటకు నిశ్చయించితిని. బిడ్డ చదువునకు పొలమమ్ముట మనలో వింత కాదు. మీలో నెందఱో అమ్మియుందురు. అమ్మి, ఆ పట్టము చేతికి వచ్చిన పిమ్మట కొడుకు ఇంట కూర్చుండుట చూచియుందురు. ఆ దుఃఖము నాకు తెలియును. నా సలహాతోనే ఇంజనీరింగునకు పోయి, తండ్రి రెండెకరములు కరిగిపోయి, నడుమ చదువు మానిన శిష్యుడొకడు మా యూర నేటికిని లారీ నడుపుచున్నాడు. పైన జెప్పిన నీటి పన్ను ప్రశ్న యడిగిన పిల్లవాడు వాడే.

అమ్మకపు మాట ఫోనులో చెప్పగా మనుమడు సంతోషించుననుకొంటిని. కొంతసేపు పలుకలేదు. పిదప, "తాతా, ఆ పొలము దున్నువాని నడిగితివా?" అనెను. పందొమ్మిది యేండ్లుగా ఒకే కుటుంబము దానిని కౌలుకు చేయుచున్నది. అడుగలేదు. పట్టా నా పేరనున్నది, అడుగవలసిన పని యేమని నా భావము. వర్తకునికి అమ్మిన మఱునాడే అందు సేద్యముండదు. ఆ సంగతి నాకు తెలియకపోలేదు, ఆలోచింపలేదు, అంతే. "నా ఫీజు కొఱకు వారు వీధిని పడుదురేని, ఆ ఫీజు కట్టి నేను చదువునది ధర్మమును గూర్చియే గదా!" అని వాడనెను. మందలించుట కాదు, నిజముగా చిక్కుపడి యడిగినాడు.

మఱునాడు కౌలుదారుని పిలిచి చెప్పితిని. అతడు చాలసేపు తలవంచుకొని నిలిచి, "అయ్యవారూ, నాకే అమ్మండి. ఒక్కసారి ఇయ్యలేను. పంట పంటకూ ఇస్తాను" అనెను. వర్తకుడిచ్చు ధరకంటె ఎకరమునకు లక్ష తక్కువ. పలు మార్లు లెక్క వేసితిని. చివరకు రెండెకరములు అతనికి వ్రాసియిచ్చుటకు, నాలుగు పంటలలో సొమ్ము పుచ్చుకొనుటకు కాగితము వ్రాసికొంటిమి. ఒక యెకరము నా వద్ద నుంచుకొంటిని. మా బంధువులు నన్ను వెఱ్ఱివానిగా చూచుచున్నారు. నా కుమార్తెకును కొంత యలుక కలదు. ఆమె కొఱత నిండుటకు మఱి రెండేండ్లు పట్టును. మొదటి కంతు సంక్రాంతికి చేతికి వచ్చినది. రెండవది రావలసియున్నది. ఈసారి కాలువ చివరకు నీరు సరిగా రాలేదు గనుక అది యెట్లగునో చెప్పజాలను.

ఉద్యోగపు ప్రశ్నకు నేనింకను బదులు చెప్పలేదు. నిజమునకు నాకు తెలియదు. వాని వలె చదివినవారిలో కొందఱు న్యాయవాదులగుదురు, కొందఱు ప్రభుత్వములోను బ్యాంకులలోను చేరుదురు, కొందఱు బోధకులగుదురు. వాడేమగునో వానికే తెలియదు. రచ్చబండ మీద ఇట్లే చెప్పితిని. ఒకరు నవ్విరి, లారీ నడుపు నా శిష్యుడు మాత్రము నవ్వలేదు. "మీ మనుమడు మళ్లీ ఎప్పుడొస్తాడు అయ్యవారూ?" అని యడిగినాడు.

వచ్చు ఆషాఢమున మరల వచ్చును. ఈసారి పాత నీటి లెక్కలు చూడవలెనని వాని కోరిక. వేడ్ గారు తిరిగిన కాలమునాటి పద్దుల పుస్తకములు, మేపుదల వేలముల కాగితములు, నీరుగంటికి ఇచ్చిన గింజల లెక్కలు ఏ యూరి పెద్దల యిండ్లలోనైన నున్నచో, చెదలకు వదలక ఒక పెట్టెలో నుంచుడు. ఆ కాలమున ఎవరికి భాగము లేకపోయెనో ఆ సంగతి యెఱిగిన ముసలివారు కూలివారలలో నున్నచో, వారి మాటలు కూడ వ్రాయించి యుంచుడు. వాడు తెలుగు చదువలేడు. నేను ప్రక్కన కూర్చుండి చదివి వినిపింపవలసియుండును.